మిస్టర్ ఏమండీ

ఎదుటివాళ్ళకి మన భాష రాదనుకుని నోరు పారేసుకోవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. ఆ కుర్రాడు సరిగ్గా ఆ పనే చేశాడు. అదీ నడిసముద్రంలో, మా మనవరాలి ఎదురుగా కూర్చుని.

చిన్న పడవ. పైన టార్పాలిన్ కప్పు, కింద ఎదురెదురుగా చెక్క బల్లలు. వాన పడనా మాననా అన్నట్టు సన్నగా తుంపర పెడుతోంది. మనవరాలు తన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. ఎదురు బల్ల మీద అతను. చెవి దగ్గర ఫోను, నోట్లో తెలుగు.

"ఆఁ, పడవెక్కేశాను. నా ఎదురుగా ఒకమ్మాయి కూర్చుంది. ముఖం చూస్తే లెక్కల టీచర్లా ఉంది, నవ్వితే ఎవరికైనా మార్కులు ఎక్కువ పడిపోతాయని భయం కాబోలు. ఒళ్ళో ఓ పెట్టె. ఆ పట్టుకున్న తీరు చూస్తే లోపల మొగుణ్ణి పెట్టి తాళం వేసినట్టుంది. పాపం, గాలి ఆడుతోందో లేదో!"

మనవరాలు ముఖంలో ఒక్క గీత కదలనివ్వలేదు. ఆ దిట్టతనం మా వైపుది. నిజానికి దానికి కోపం రావలసింది, రాలేదట. తెలుగు మాట పక్కనుంచి, ఊపిరితో సహా విని ఎన్ని నెలలయిందో! ఫోన్లో వినడం వేరు, ఇది వేరు. తిడితే తిట్టాడు, ఇంకాసేపు మాట్లాడితే బాగుండును అనుకుందట, పిచ్చి మొద్దు.

దాని ఉద్యోగం అలాంటిది మరి. బిస్కెట్ ఫ్యాక్టరీల్లో ఓవెన్లు బిగిస్తుంది. ఓవెన్ అంటే వంటింట్లో పెట్టుకునే డబ్బా కాదు, రైలు పెట్టెంత పొడుగు. ఇటు పక్క పిండి బిళ్ళలు ఎక్కితే అటు పక్క బిస్కెట్లై దిగుతాయి. కంపెనీ దాన్ని ఏడాది పాటు దేశం మీద దేశం తిప్పుతోంది. ఏ ఊరెళ్ళినా అదే హోటల్ గది. గోడకి ఎవరికీ అక్కర్లేని పువ్వు బొమ్మ, తెరుచుకోని కిటికీ, ఒక్క మనిషికి నాలుగు దిండ్లు.

"నాలుగెందుకే నీకు?" అని అడిగాను ఒకసారి.

"ఒకటి తల కిందకి. మిగతా మూడూ కబుర్లకి, మామ్మా" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

సగం ప్రయాణం అయ్యేసరికి దాని మేనేజరు, "నీ ముఖం చూస్తే కాలుతున్న ఓవెన్ కూడా చల్లారిపోయేలా ఉంది. ఓ వారం రెస్ట్ తీసుకో" అన్నాడట. ఇంటికి వచ్చి వెళ్ళాలంటే ఆ వారం ప్రయాణానికే సరి. దగ్గర్లో ఏదో దీవి ఉంది, కొబ్బరిచెట్లు, ఇసుక, వెచ్చటి నీళ్ళు. లోకమంతా జంటలు జంటలుగా వెళ్ళే చోటు. ఇది ఒక్కతే టికెట్ కొనుక్కుంది.

ఆ పడవ ఒడ్డు దాకా రాదు. మోకాటి లోతు నీళ్ళలో దిగి నడవాలి. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. అతను ఫోన్లో మాట్లాడుతూనే దిగి నడుచుకుంటూ పోయాడు. బల్ల కింద ఒక జత తోలు చెప్పులు ఉండిపోయాయి.

మనవరాలు వాటిని అందుకుని, పడవ అంచున నిలబడి, ఒడ్డు అదిరేలా పిలిచింది.

"ఏమండీ!"

అతను నీళ్ళలో కొయ్యబారిపోయాడు.

"ఏమండోయ్, మిమ్మల్నే! చెప్పులు మర్చిపోయారు. పెట్టెలో మొగుడుంటే అతనికే తొడిగేదాన్ని. ఏం చేస్తాం, లేడు!"

అతను గిరుక్కున తిరిగాడు. తిరిగిన ఊపుకి చేతిలో ఫోను ఎగిరి సముద్రంలో పడింది.

"మీ... మీరు తెలుగువారా?"

"కాదండీ. లెక్కల టీచర్ని."

ఇదంతా ఒడ్డు మీంచి ఒకావిడ చూస్తోంది. ఆ దీవిలో బస నడిపే ఆవిడే. నిండైన మనిషి, చేతిలో ఇద్దరికి సరిపోయే గొడుగు. నీళ్ళలోకి దిగి, ఫోను ఏరి, దులిపి, అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేసింది.

"స్వాగతం, మిస్టర్ ఏమండీ!"

అది తన పేరు కాదని చెప్పడానికి అతను నోరు తెరిచాడు. ఆవిడ ఆగితేగా! "ఫోను బియ్యం డబ్బాలో పెడతాను, తడి లాగేస్తుంది" అంటూ పట్టుకుపోయింది.

తెల్లారి భోజనాల హాల్లో ఒక బల్ల మీద చిన్న పలక, దాని మీద సుద్దతో 'మిస్టర్ ఏమండీ' అని ఇంగ్లీషులో వంకర టింకర అక్షరాలు. అదే బల్ల మీద మనవరాలికీ ప్లేటు పెట్టి ఉంది.

"నాకు ఇక్కడెందుకు పెట్టారు? మా గదులు వేరు" అంది మనవరాలు.

"గదులు వేరని నాకూ తెలుసు. దెబ్బలాడుకుని వచ్చారనుకున్నాను. చెప్పుల కోసం మగవాణ్ణి అంత గట్టిగా కసిరేది సొంత మనిషే" అంది ఆవిడ.

మనవరాలికి ఆ పలక చూస్తే నవ్వు ఆగలేదు. ఎందుకంటే అది కూడా ఒకప్పుడు ఆ తప్పే చేసింది. ఒకటో తరగతిలో టీచరు ఇంట్లో అందరి పేర్లూ అడిగితే, "తాతయ్య పేరు ఏమండీ" అని చెప్పి వచ్చింది. దాని తప్పేముంది? పొద్దున్న లేచింది మొదలు నేను ఆయన్ని అలాగే పిలిచేదాన్ని. ఏమండీ, కాఫీ. ఏమండీ, వాన, బట్టలు. ఎక్కడున్నా ఆయన "ఆఁ" అనేవారు. సగం సార్లు నాకు పనేమీ ఉండేది కాదు, ఆ "ఆఁ" కోసమే పిలిచేదాన్ని. ఆయన పోయాక ఆ పిలుపు నా దగ్గర ఉండిపోయింది, తాళంకప్ప పోయాక మిగిలిన తాళంచెవిలా.

ఈ కథంతా అతనికి చెప్పింది మనవరాలు. అతను బ్రెడ్డు ముక్క చేత్తో పట్టుకుని, తినడం మర్చిపోయి విన్నాడు.

"అయితే ఇది మీ తాతయ్యగారి పేరన్నమాట" అన్నాడు. "బరువైనదే. ఉన్నన్నాళ్ళూ జాగ్రత్తగా మోస్తానులెండి."

వాగుడుకాయ అనుకున్న మనిషి నోట ఆ మాట వచ్చేసరికి, ఇది టీ కప్పులోకి చూస్తూ కూర్చుందట. చూడ్డానికి అందులో టీ కూడా లేదు.

అతని పని సముద్రం మీద. "దేశాల మధ్య ఫోన్లో మాటలన్నీ ఆకాశంలోంచి పోతాయనుకుంటారు అందరూ. ఎక్కువ మాటలు సముద్రం అడుగున తీగల్లోంచి పోతాయండీ. అవి తెగితే ఓడ మీద వెళ్ళి, పైకి లాగి, అతికి, మళ్ళీ వదులుతాం" అన్నాడు. ఓడ మరమ్మతుకి రేవులో ఆగిందనీ, తయారయ్యేదాకా సెలవనీ చెప్పాడు.

"అయితే మా మామ్మతో నేను చెప్పుకునే కబుర్లన్నీ మీ చేతుల్లోంచే వెళ్తాయా?"

"అతుకు నాదైతే అంతేగా."

"వింటారా ఏమిటి కొంపదీసి?"

"వినపడితే నాకీ ఖర్మెందుకండీ?" అన్నాడతను. ఆ మాటకి అర్థం దానికి అప్పుడు తెలియలేదు.

వాన వదిలేది కాదు. దీవికి వచ్చిన జంటలన్నీ గదుల్లో తలుపులు వేసుకుంటే, ఈ ఇద్దరూ వరండాలో వెదురు కుర్చీల్లో కూర్చుని సామెతల పందెం వేసుకునేవారు. నెలల తరబడి ఓడలో ఉండి అతని తెలుగు తుప్పు పట్టింది.

"కందకి లేని దురద?" అనేది మనవరాలు.

"కత్తెరకెందుకు!"

"కత్తిపీటకండీ."

"ఓడలో కత్తిపీట ఉండదండీ. కత్తెరే ఉంది, దానికే దురద."

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని?"

"పెట్టెలో పెట్టుకెళ్ళినట్టు."

"మళ్ళీ నా పెట్టె జోలికొచ్చారా!"

అతను వాన కేసి చూస్తున్నప్పుడు ఇది అతని కేసి చూసేది. అతను ఇటు తిరిగితే వాన కేసి చూసేది. ఆ వాన పాపం ఎవరూ సరిగ్గా చూడకుండానే పడి పోయేది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేస్తే, "ఏమే, గొంతులో బెల్లం పెట్టుకుని మాట్లాడుతున్నావ్?" అన్నాను. "ఏం లేదు మామ్మా, ఇక్కడ గాలి బాగుంది" అంది. ఆ గాలి ఎటునుంచి వీస్తోందో నాకు తెలియదూ!

ఒక సాయంకాలం వాన తెరిపి ఇచ్చింది. ఇసుక మీద నడుస్తూ పోతే, రాళ్ళకి అవతల అతను ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. చెయ్యి చెవి దగ్గర ఉంది. ఫోను ఆరిందన్నమాట అనుకుంది. పిలవబోయి ఆగిపోయింది.

"తిన్నావా?" అంటున్నాడతను. పడవలో ఎగతాళి చేసిన గొంతు కాదది. "ఏం తిన్నావ్? అదేం తిండి! మరి నిద్ర పడుతోందా? బెంగగా ఉందా? ఇంకెంతలే... కాస్త ఓర్చుకో కన్నా."

మనవరాలు వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

తిన్నావా అని అలా అడిగేది ఎవర్నో తెలియడానికి చదువు అక్కర్లేదు కదా. ఇంట్లో పెళ్ళాం ఉంది. పిల్లో పిల్లాడో కూడా ఉండి ఉండాలి. తనకేం సంబంధం? పేరైనా తెలియని మనిషి. అతని నోట ఒక్కసారి కూడా తప్పుడు మాట రాలేదు, తప్పుడు చూపు పడలేదు. తప్పంతా తన చెవులది, తెలుగు వినపడగానే ఒళ్ళు మర్చిపోయాయి. ఇలా తనకి తానే సర్దిచెప్పుకుని, గదిలో కిటికీ పక్కన కూర్చుంది. ఈ గదిలోనూ దిండ్లు నాలుగే. కబుర్లకి మాత్రం ఒక్కటీ తీసుకోలేదట.

మర్నాడు టిఫినుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం అతనే వరండాలో ఎదురుపడ్డాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ."

"ఏం లేదు అంటే బోలెడుందని అర్థం."

"మీ వాళ్ళతో మాట్లాడుకోవడానికి టైమ్ కావాలి కదా మీకు. మధ్యలో నేనెందుకు?"

అతని ముఖం తెల్లబోయింది. "చూశారా?"

"విన్నాను కూడా."

"నవ్వుకుని ఉంటారు."

"ఇందులో నవ్వడానికేముంది? ముందే చెప్పి ఉంటే బాగుండేది."

"ఎలా చెప్పమంటారండీ? ఎవరికైనా చెప్పుకునే మాటేనా అది?"

"ఎందుకు చెప్పుకోకూడదు? సిగ్గుపడే విషయమా?"

"సిగ్గే మరి" అన్నాడతను, తల దించుకుని.

ఇంట్లో మనిషిని తలుచుకోవడానికి సిగ్గుపడేవాడు ఒక మనిషా అని మనవరాలికి ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చూశారా, ఇద్దరూ తెలుగే మాట్లాడుకున్నారు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆ తర్వాతి పొద్దున ఓడ తయారైందని అతనికి కబురొచ్చింది. అతను బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడట. ఇది వెళ్ళలేదు. కిటికీలోంచి అతను సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్తుంటే చూసింది. నాకు ఫోన్ చేసింది.

"ఏమే, గొంతు అలా ఉందేం?"

"వాన మామ్మా" అంది. "ఇక్కడ ఒకటే వాన."

వాన చప్పుడు నాకు వినపడలేదు.

కాఫీ అయినా తాగుదామని అది వంటగదిలోకి వెళ్ళేసరికి బసావిడ బియ్యం కొలుస్తోంది. గ్లాసు డబ్బాలో ముంచింది, ఠక్కున ఏదో తగిలింది. చెయ్యి పెట్టి తీస్తే నల్లటి ఫోను.

"అయ్యో, మిస్టర్ ఏమండీ దీన్ని వదిలేసి పోయాడే!"

"అదేమిటి, మధ్యలో ఇచ్చి మళ్ళీ పెట్టారా?" అంది మనవరాలు.

"ఎక్కడిచ్చాను? వచ్చిన రోజు నుంచీ ఇందులోనే ఉంది. రోజూ నొక్కి చూస్తూనే ఉన్నాను, ప్రాణం రాలేదు."

"అతని దగ్గర ఇంకో ఫోను ఉందేమో."

"ఉంటే ఓడవాళ్ళు నాకెందుకు ఫోన్ చేసి కబురు చెప్తారు?"

 మరి ఆ రాళ్ళ అవతల అతను ఎవర్ని అడిగాడు, తిన్నావా అని?

ఆ ఫోను లాక్కుని పరుగెత్తింది. పడవ అప్పటికే తాడు విప్పుకుని నీళ్ళలో కదులుతోంది. ఇది చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయింది.

"ఏమండీ!"

పడవలో అందరూ తలలు తిప్పారు, అందరికీ తెలిసిన పేరే మరి. పడవాయన ఇంజను ఆపి, "మిస్టర్ ఏమండీ! మీ ఆవిడ!" అని కేక పెట్టాడు.

అతను వంగి చూశాడు.

"ఫోను మర్చిపోయారు" అంది, రొప్పుతూ.

"చచ్చిపోయిందండీ అది. తీసుకుని ఏం చేస్తాను?"

"మరి ఆ రోజు దేంతో మాట్లాడారు?"

అతను జేబులోంచి ఒకటి తీసి చూపించాడు. సబ్బు పెట్టె.

"ఇదా?"

"చేతిలో ఏదీ లేకుండా మాట్లాడితే పిచ్చివాడంటారు కదండీ. మీకు తెలిసిపోయిందనేగా ఆ రోజు..."

"నాకు తెలిసింది వేరు! మీకు పెళ్ళాం పిల్లలూ ఉన్నారనుకున్నాను."

"నాకా!"

"పడవలో కూడా ఇంతేనా? అవతల ఎవరూ లేరా?"

"లేరండీ. ఓడలో అందరూ మంచివాళ్ళే. పని అడుగుతారు, గాలి ఎటుందో అడుగుతారు. తిన్నావా అని మాత్రం ఎవరూ అడగరు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ అడిగేది. ఎన్నిసార్లు అడుగుతావే అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నేనే అడుక్కుంటున్నా. అడిగేదీ నా గొంతే, చెప్పేదీ నా గొంతే. లోకంలో ఎవరెవరి మాటలో అతుకుతాను, నాకో తీగ లేదు."

కెరటం ఒకటి వచ్చి మనవరాలి మోకాళ్ళని తోసింది. అది పడవ అంచు పట్టుకుంది.

"తిన్నారా?" అని అడిగింది.

"అఁ?"

"ఇవాళ తిన్నారా అని అడుగుతున్నా."

"లేదండీ." అతనికి కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "బల్ల దగ్గర మీరు లేరు. అందుకని..."

ఇది జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. తను బిగించిన ఓవెన్లో కాలినవే, అన్ని నెలలూ వాసన చూస్తేనే మొహం మొత్తేవి. "ముందు ఇవి తినండి. రేపటి నుంచి నేను అడుగుతాను, రోజూ. తీగలు తెగకుండా చూసుకోవడం మీ పని."

పడవాయనకి ముక్క అర్థం కాలేదు. అయినా తొందరపెట్టకుండా తల తిప్పుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడట. మంచివాడు.

మిగతా ప్రయాణం మిగతా ప్రయాణంలాగే జరిగింది. అదే పువ్వు బొమ్మ, అదే తెరుచుకోని కిటికీ. దిండ్లకి మాత్రం కబుర్ల చాకిరీ తప్పింది. అతను నడిసముద్రంలో ఉన్నప్పుడు రోజుల తరబడి పలికేవాడు కాదు, అప్పుడు మళ్ళీ దీని గొంతులో వాన పడేది. పలికిన రోజున మాత్రం ఇద్దరూ ఒకేసారి "తిన్నావా?" అనేవారట. అండీలు ఎక్కడో సముద్రంలోనే జారిపోయాయి.

అది ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకి అతనూ వచ్చాడు. మా అబ్బాయి ముందుగదిలో కూర్చోబెట్టి ఉద్యోగం సంగతీ, సెలవుల సంగతీ అడగాల్సినవన్నీ అడిగాడు. కోడలు అడగకూడనివి కూడా అడిగింది. తర్వాత కూతుర్ని తీసుకుని ఇద్దరూ మేడ మీదికి వెళ్ళారు, ఏం చేద్దామని మాట్లాడుకోవడానికి.

మెట్లెక్కే ముందు మనవరాలు నా దగ్గరికి వచ్చి చెవిలో, "మామ్మా, వాళ్ళేమన్నా సరే, నువ్వు ఊ అంటేనే" అంది.

"ఓడ మీద బతికేవాణ్ణి చేసుకుంటే సగం బతుకు ఎదురుచూపేనే" అన్నాను. "పిలిస్తే పలకని ఇంట్లో ఉండడం ఎలా ఉంటుందో నన్నడుగు."

దాని మొహం చిన్నబోయింది. పైకి వెళ్ళింది.

నేను వెనక గదిలో చీరలు మడతపెడుతున్నాను. కిటికీ అవతల ఆకాశం నల్లబడింది. తీగ మీద బట్టలు ఉన్నాయి. మొదటి చినుకు రేకు మీద టప్పుమంది. అంతే, ఇన్నేళ్ళుగా నోట్లో ఉండిపోయినది, నన్ను అడక్కుండానే బయటికి వచ్చేసింది.

"ఏమండీ, వాన!"

అన్నాక గుర్తొచ్చింది, పలికేవారు లేరని. చీర అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఆఁ" అని వినపడింది ముందుగదిలోంచి. "తెస్తున్నానండీ, బట్టలేగా?"

కిటికీలోంచి చూస్తే ఆ కుర్రాడు వానలో తీగ దగ్గర ఉన్నాడు. బట్టలన్నీ రెండు చేతులా వాటేసుకుని, తల తడుస్తూ, పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. ఒక్కటి కూడా తడవనివ్వలేదు. మేడ మెట్ల మీద మనవరాలు నిలబడిపోయి నా కేసే చూస్తోంది. దానికి ఊ అని తల ఊపాను.

"పిలిచారు కదా మామ్మగారూ?" అన్నాడు, జుట్టు దులుపుకుంటూ.

"పిలిచాను నాయనా" అన్నాను. "తిన్నావా?"